అంగడి తీసేసినం గద సార్

కత్తి దూయమని మీట నొక్కితే, కత్తి నాలుగు క్షణాల తర్వాత బయటికి వస్తుంది. ఈలోగా ఎదుటివాడు మిమ్మల్ని నరికేస్తాడు. మీరు చచ్చిపోయాక కంప్యూటర్ ఆటలో మీ బొమ్మ లేచి, తాపీగా కత్తి దూసి, అటూ ఇటూ నాలుగడుగులు వేస్తుంది. ఇప్పుడు సర్వర్ గదుల్లో పనిచేస్తున్న మీలాంటి వాళ్లకు ఇది వింటే నవ్వు రావచ్చు. ఆ చచ్చినవాడి నడక మమ్మల్ని ఆరు నెలలు ముప్పుతిప్పలు పెట్టింది. ఆ రోజుల్లో నేను చేసిన ఒక పని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. అది గొప్ప పని కాదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నేను చదువుకుని కంప్యూటర్లలోకి వచ్చినవాడిని కాదు. పటాన్‌చెరు దగ్గర మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో మీటర్లు బాగుచేసే మెకానిక్‌గా చేరి, ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాను. కంట్రోల్ రూములోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు వాటిని ముట్టుకోవడానికి భయపడనివాడిని నేనొక్కడినే కాబట్టి అవి నా నెత్తిన పడ్డాయి. ఫ్యాక్టరీ మూతపడేనాటికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఆ వయసులో నన్ను పిలిచి కుర్చీ వేసినవాడు ఇస్నాపూర్ అవతల షెడ్డున్న ఒక యజమాని. అతను అంతకుముందు అక్కడ ప్లాస్టిక్ పైపులు తయారు చేసేవాడు. పైపుల వ్యాపారం దెబ్బతింది గానీ షెడ్డు మిగిలింది, కోతలు లేని ఫ్యాక్టరీ కరెంటు లైను మిగిలింది, పెద్ద జనరేటరు మిగిలింది. ఈ మూడూ ఉంటే సర్వర్లు పెట్టి, వేలమంది ఒకేసారి ఆడుకునే ఆట నడపొచ్చని పట్నంలో ఎవరో దోస్తు అతని చెవిన వేశాడు. ఊళ్లలో ఇంటర్నెట్ కేఫులు పుట్టగొడుగుల్లా వస్తున్న రోజులవి.

"అన్నా, రియాక్టర్లే సూస్కున్నోనివి, గీ డబ్బాలు సూస్కోలేవా?" అన్నాడు నాతో. నాకంటే పదేళ్లు చిన్నవాడు, నోరు మంచిది, కోపం వస్తే మాత్రం మనిషి కాదు. అలా నేను సర్వర్ గదికి ఇన్‌చార్జినయ్యాను.

మా ఆట రాజులు, కోటల ఆట. ఒకడు గుర్రమెక్కుతాడు, ఒకడు గోడ దూకుతాడు, అందరూ కలిసి ఆదివారం సాయంత్రం ఎవరిదో ఒకరి కోట మీద పడతారు. కోటల మధ్యన ఒక అంగడి ఉండేది. అందరూ అక్కడ చేరి కత్తులు మార్చుకునేవాళ్లు, గుర్రాలు బేరం చేసేవాళ్లు, ఊరికే నిలబడి గొప్పలు చెప్పుకునేవాళ్లు. యుద్ధం కంటే అంగడిలోనే జనం ఎక్కువ ఉండేవారంటే నమ్మండి.

ఆ అంగడి ప్రోగ్రాము రాసింది లక్డారం ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి. కొత్తగా ఇంజనీరింగ్ పాసైంది. తండ్రి ఒక కెమికల్ ఫ్యాక్టరీలో షిఫ్టు పనివాడు, ఉన్న రెండెకరాలు కూడా తనే దున్నుకుంటాడు. ఇంటర్ తర్వాత చదువు చాలని చుట్టాలందరూ అంటే, ఆయన ఎవరి మాటా వినకుండా చదివించాడట. ఆమెది ఏడాది ప్రొబేషను. అది గడిస్తే ఉద్యోగం ఖాయం.

"మా నాయినమ్మతోటి అంగడికి పోయెటిదాన్ని సార్. గట్లనే పెట్టిన," అని ఒకరోజు స్క్రీను మీద చూపించింది. ఒకవైపు మిరపకాయల కుప్పలు, ఒకవైపు మేకలు, చివర్న గాజులు. ఆటలో మిరపకాయలు ఎవరూ కొనరు. అయినా పెట్టింది.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. ఆట మొదలైన కొత్తలో ఫోన్లు వచ్చేవి. నా కత్తి పోయింది, నేను గెలిచిన గుర్రం మాయమైంది అని. ఎవడు నిజం చెబుతున్నాడో, ఎవడు అబద్ధమాడుతున్నాడో తేల్చడానికి మా దగ్గర ఆధారం లేదు. యజమాని తల పట్టుకున్నాడు. అప్పుడు నేను ముందుకొచ్చి, "మా ఫ్యాక్టరీల గీ పంచాయితే ఉండకపోయేది సార్," అన్నాను.

ఫ్యాక్టరీలో మా పద్ధతి ఏమిటంటే, రియాక్టరులో ఏ పని చేసినా ముందు బ్యాచ్ రికార్డులో రాయాలి. టెంపరేచర్ చూశావా, రాయి. రాసి సంతకం పెట్టు. సంతకం పడేదాకా తర్వాతి వాల్వు మీద చెయ్యి వేయకూడదు. ఇరవై ఏళ్లు అలా బతికిన మనిషిని నేను. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చినా క్యాలెండర్ మీద రాసేవాణ్ణి. అదే పద్ధతిని సర్వర్‌లోకి తెచ్చాను. ఆటగాడు అడుగు వేసినా, కత్తి తిప్పినా, మిరపకాయల కుప్ప ముందు నిలబడినా, ముందు ఆ సంగతి డిస్కు మీద రాయాలి. రాయడం పూర్తయిందని డిస్కు చెప్పాకే ఆట ముందుకు కదలాలి. ఇది నేను స్వయంగా కూర్చుని పెట్టిన ఏర్పాటు. రెండు వందల మందితో పరీక్షించి చూశాం, వెన్నలా నడిచింది. యజమాని అందరి ముందూ నా భుజం తట్టాడు. నేను రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను.

జనం వేలల్లోకి వెళ్లాక చచ్చినవాడు నడవడం మొదలుపెట్టాడు.

మొదట ఆదివారాలు, తర్వాత ప్రతి సాయంత్రం. ఫోన్లలో తిట్లు. తెలుగులో, హిందీలో, ఒకాయన మలయాళంలో కూడా తిట్టాడు. అందరి వేళ్లూ అంగడి వైపు చూపించాయి. చూపించడానికి కారణం ఉంది. అంగడిలో వంద మంది నిలబడితే, ఒకడు అడుగు వేసిన సంగతి మిగతా అందరికీ చెప్పాలి. వందమందీ కదిలితే పదివేల కబుర్లు. వెయ్యి మంది ఉంటే ఆ లెక్క పది లక్షలకు పోతుంది. ఈ మాట ముందుగా అన్నది కూడా నేనే. కంప్యూటర్ మ్యాగజైనులో చదివి అన్నాను.

ఆ అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అందరికీ అన్నీ చెప్పనక్కర్లేకుండా, పక్కన నిలబడ్డ నలుగురైదుగురికే చెప్పేట్టు ఆమె ముందే రాసింది. ఎంతమంది వస్తే ఎంత బరువు పడుతుందో పేజీ నిండా లెక్క వేసి చూపించింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. లెక్క నాకు సగమే అర్థమైంది, ఆ సంగతి ఒప్పుకోలేదు.

"సార్, నా దిక్కు నుంచి గింతకన్న ఎక్కువ పడదు. ఒక్క గంట సేపు మీ రాసుడు బంద్ చేసి సూద్దామా?" అంది.

"బిడ్డా, మా ఫ్యాక్టరీల రాయకుండ వాల్వు ముట్టినోన్ని గేటు బయటికి పంపిస్తుండిరి. నేను రాసుడు బంద్ చెయ్య. నువ్వు నీ అంగడి సూస్కో," అన్నాను.

ఆమె తన సీటులోకి వెళ్లి లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవడం చూశాను. ఒక్క గంట. అడిగినదాంట్లో తప్పేముంది చెప్పండి. ఆమె అమ్మాయి అని, నిన్నగాక మొన్న వచ్చిందని, నా పద్ధతిని ప్రశ్నించిందని నాకు ఒళ్లు మండింది, అంతే.

అలాంటి రోజుల్లో బెంగళూరు నుంచి ఒక పెద్ద కంపెనీ వాళ్లు మా ఆట చూడటానికి వస్తామన్నారు. నచ్చితే తమ పేరు మీద దేశమంతా నడుపుతారు. శనివారం పొద్దున పదకొండింటికి వచ్చి కూర్చున్నారు. ఊరూరా కేఫుల వాళ్లకు చెప్పి జనాన్ని ఎక్కించాం. పావుగంటకే అంతా ఆగిపోయింది. తెర మీద ఒక గుర్రం గాలిలోనే నిలబడిపోయింది. వచ్చినవాళ్లు మర్యాదస్తులు, వాచీలు మాత్రం చూసుకున్నారు. యజమాని ముఖం మాడిపోయింది. వాళ్లను సంగారెడ్డిలో హోటల్‌కు భోజనానికి తీసుకెళ్తూ, గుమ్మం దగ్గర ఆ అమ్మాయి వైపు తిరిగి, "మేం మూడింటికి వస్తం. గంతల గా అంగడి అక్కడ కనబడొద్దు," అని వెళ్లిపోయాడు.

ఆమె తల వంచుకుని తీసేసే పనిలో పడింది. అది చిటికెలో అయ్యే పని కాదు, దానికి ముడిపడినవి చాలా ఉన్నాయి. అన్నం డబ్బా కూడా విప్పలేదు.

నేను సర్వర్ గదిలోకి వెళ్లాను. మా జనరేటరు చూసుకునే భాయ్ అక్కడ ఏసీ ఫిల్టరు కడిగి బిగిస్తున్నాడు. నా ఈడువాడే, పటాన్‌చెరులో తాతల కాలం నుంచి ఉన్న కుటుంబం. రోజూ ఇద్దరం కలిసి చాయ్ తాగేవాళ్లం. కంప్యూటరు గురించి ఏమీ తెలియదని తనే చెప్పుకునేవాడు.

"సాబ్, గీ బత్తీ జెర సూడున్రి," అన్నాడు. "బాజుల డబ్బాలవి మిణుకు మిణుకుమంటున్నయ్. గిది ఒక్కటి ఆర్తనే లేదు. ఖరాబైందా?"

అది డిస్కు లైటు. డిస్కు పని చేస్తున్నప్పుడు వెలుగుతుంది, ఊపిరి పీల్చుకున్నప్పుడు ఆరుతుంది. ఆరడం లేదంటే దానికి ఊపిరి పీల్చుకునే తీరిక లేదన్నమాట. నేను రోజూ ఆ గదిలో కూర్చునే మనిషిని. ఆ లైటు నాకు కనబడలేదు. కనబడినా చూడలేదు.

కూర్చుని రాత ఆపేశాను. అప్పుడు పన్నెండున్నర. రెండు నిమిషాల్లో లైటు మిణుకుమనడం మొదలైంది. ఆటలోకి వెళ్లి చూశాను. కేఫుల జనం ఇంకా పోలేదు, అంగడి ఇంకా ఉంది, అందులో కిటకిటలాడుతున్నారు. కత్తి దూయమంటే కత్తి వచ్చింది. గుర్రం కిందికి దిగింది. భాయ్ చూసి, "ఠీక్ అయింది సాబ్," అని ఫిల్టరు నీళ్లు తుడుచుకుని వెళ్లాడు.

గోడ అవతల ఆ అమ్మాయి తన అంగడిని ముక్కలు ముక్కలుగా విప్పుతూ కూర్చుంది. పది అడుగులు వేసి, "ఆపు బిడ్డా, తప్పు నాదే," అంటే సరిపోయేది. భోజనం చేశాక చెబుదామనుకున్నాను. భోజనం చేశాను. యజమాని వచ్చాక ఒకేసారి ఇద్దరికీ చెబుదామనుకున్నాను. రెండింటికి ఆమె లేచి, "తీసేసిన సార్," అంది. ఊ అన్నాను. మధ్యలో గంటన్నర సేపు అంగడి ఉండగానే సర్వర్ చక్కగా నడిచింది. ఆ ముక్క లోకంలో నా ఒక్కడికే తెలుసు.

మూడింటికి వాళ్లొచ్చారు. ఆట పరుగెత్తింది. బెంగళూరు వాళ్లు చేతులు కలిపి, మళ్లీ కబురు చేస్తామని నాలుగింటికి వెళ్లారు. వాళ్ల కారు గేటు దాటగానే యజమాని మమ్మల్నందరినీ పిలిచాడు.

"ఇప్పుడు చెప్పున్రి. గిన్ని నెలలు నా పానం దీసింది ఏంది?" అని అడిగి, నా వైపు చూశాడు. "అన్నా, నువ్వు చెప్పు."

నేను అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అంగడి తీసేసినం గద సార్."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. తీసేశాం. అది నిజమే. నేనెంత జాగ్రత్తగా ఆ వాక్యాన్ని ఎంచుకున్నానో చూడండి. రేపెప్పుడైనా పట్టుబడితే, నేనేమీ అబద్ధమాడలేదే అని తప్పించుకునే దారి అందులోనే పెట్టుకున్నాను. ఈ వయసులో ఈ ఉద్యోగం పోతే మరొకటి దొరకదన్న భయం ఉంది. భయం ఒక్కటే అయితే ఇన్నేళ్లలో నన్ను నేను ఎప్పుడో క్షమించుకునేవాణ్ణి. దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చెప్పిందే నిజమని పదిమంది ముందు ఒప్పుకోవడం నా వల్ల కాలేదు.

యజమాని ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు నోరు పెగిలేదేమో. "సోమవారం నుంచి నువ్వు రాకమ్మా," అని మెల్లగా అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె బ్యాగు సర్దుకుని నా గది దగ్గరికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. "సార్, మీ రాసుడు మీద అనుమానం పడ్డ. పెద్దోళ్లను గట్ల అనొద్దుండె. సారీ సార్," అంది.

"పర్వాలేదమ్మా," అన్నాను.

ఏమీ అనకుండా ఉన్నా కొంత నయంగా ఉండేది. నేను పెద్దమనసుతో క్షమించాను ఆమెను. ఆమె ఆటో కోసం రోడ్డు మీదికి నడిచి వెళ్లింది. నేను డ్యూటీ పుస్తకం తెరిచి, అంగడి తీసివేయడమైనది, సర్వర్ నార్మల్ అని రాసి సంతకం పెట్టాను.

సోమవారం చాయ్ దగ్గర భాయ్ అడిగాడు. "సాబ్, ఆ పోరి తప్పు ఏముండె? మీరు బత్తీ ఠీక్ చేసిన్రు, అంతా ఠీక్ అయింది గద?"

"అది వేరే సంగతి భాయ్. నీకు తెల్వదు," అన్నాను.

"హౌ సాబ్, నాకేం తెలుస్తది," అని గ్లాసు కింద పెట్టాడు. మర్నాటి నుంచి జనరేటర్ షెడ్డులోనే చాయ్ తాగేవాడు. కనబడితే సలాం మానలేదు, కలిసి కూర్చోవడం మానేశాడు.

రెండు నెలలకు ఆటగాళ్లు గొడవ చేశారు, అంగడి లేని ఆట ఆటే కాదని. ఆ అమ్మాయి రాసి పెట్టిన దాన్నే మళ్లీ తెచ్చి పెట్టారు. అప్పటికి నేను రాతను తీరిగ్గా, పది నిమిషాలకొకసారి కుప్పగా రాసేటట్టు మార్చేశాను. ఎవరికీ చెప్పలేదు. అంగడి నిండా జనం, సర్వర్ ఉలకలేదు, పలకలేదు. కొత్తగా చేరిన ప్రోగ్రామరు ఏదో మంత్రం వేశాడని యజమాని మురిసిపోయాడు. నోరు విప్పడానికి అది రెండో అవకాశం, అదీ పోగొట్టుకున్నాను. బెంగళూరు వాళ్లు మళ్లీ కబురు చేయలేదు. రెండేళ్లకు విదేశీ ఆటలొచ్చి జనాన్ని ఎత్తుకుపోయాయి. షెడ్డుకు తాళం పడింది.

తర్వాత నేను స్కూళ్లలో, ఆఫీసుల్లో చిన్నా చితకా కంప్యూటర్ రిపేర్లు చేస్తూ కాలం గడిపాను. షెడ్డు మూతపడిన మూడేళ్లకు, ఇంద్రేశంలో కొత్త ప్లాట్ల మధ్య పెట్టిన ఒక ప్రైవేటు స్కూలు నుంచి పిలుపు వచ్చింది, కంప్యూటర్లు ఊరికే ఆగిపోతున్నాయని. వెళ్తే స్టాఫ్ రూములో ఆమె ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతోంది. నన్ను చూడగానే లేచి నిలబడి, పక్కనున్న టీచరుతో అంది:

"గీ సార్ దగ్గర నేను పనిచేసిన. నా తప్పుతోటి సర్వర్ ఆగిపోతే సారే నిలబెట్టిండు. ఒక్క మాటనలే నన్ను."

ఆ టీచరు క్లాసుకు వెళ్లేదాకా ఆగి, ఆమె ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. భాయ్ లైటు చూపించడం, నేను రాత ఆపడం, భోజనం చేయడం, నాలుగింటికి అన్న మాట. తల వంచుకునే చెప్పాను.

ఆమె మెల్లగా అడిగింది.

"ఎన్నింటికి బంద్ చేసిన్రు సార్?"

"పన్నెండున్నరకు."

"నేను అంగడి తీసింది రెండింటికి. గా మధ్యల మంచిగనే నడిచిందా?"

"నడిచింది బిడ్డా."

"గా లెక్క నేను ఇంట్ల మల్ల మల్ల చేసిన సార్," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే భరించేవాణ్ణి. "చేసినప్పుడల్లా సరిగ్గనే వచ్చేది. తప్పు నాదే అని అందరన్నరు, నాకైతే ఏడ ఉన్నదో దొర్కకపోయేది. సొంత తప్పు పట్టుకోరానిదానికి గీ పనెందుకని ఇడిసిపెట్టిన."

"నీ లెక్కల తప్పు లేదు," అన్నాను. ఐదేళ్లు ఆలస్యంగా అన్నాను.

బెల్లు మోగింది. ఆమె పుస్తకాలు తీసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"గీ మాట మా నాయినకు చెప్పున్రి సార్. నేను చెప్తే నమ్మడు."

ఆ ఆదివారం లక్డారం వెళ్లాను. ఆయన సెకండ్ షిఫ్టుకు తయారై, ఇంటి ముందు అరుగు మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు. నేను ఆమెకు చెప్పినట్టే, ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన ఒక బూటు చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, సిద్ధపడే వెళ్లాను.

"గా దినం ఏడ్సుకుంట ఇంటికొచ్చింది సారూ," అన్నాడు చివరికి. "నా లెక్క కరెక్టే ఉన్నది నాయినా అని నోట్‌బుక్కు దెచ్చి నా ముంగట పెట్టింది. నాకేం సమజైతది. గంత అనుభవమున్న సారు అబద్ధమెందుకాడుతడు, నీదే తప్పయ్యుంటది, ఊకో అన్న."

కంపెనీ బస్సు హారన్ వినిపించింది. ఆయన రెండో బూటు వేసుకుని, అన్నం డబ్బా తీసుకుని, నా వైపు చూడకుండా బస్సు వైపు నడిచాడు.